మా వీధి వాట్సాప్ గ్రూపు: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

వాట్సాప్ గురించి కొత్తగా రాయడానికేముంది, అందరి ఫోన్లోనూ ఉన్నదేగా అనొచ్చు. కానీ ఒక వీధిలో మనుషులు ఒకరికొకరు దూరం కాకుండా ఉండడానికి అది ఎంతవరకు పనికొస్తుంది అన్న లెక్కన ఎవరూ రాయగా నేను చూడలేదు. అందుకే రాస్తున్నాను.

నాది పర్లాకిమిడి. జాకెట్లు కుడతాను, చీరలకి ఫాల్సూ పీకో వేస్తాను. ఇంటి ముందు గదే నా కొట్టు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఆ అరుగు మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు కాబట్టి, వీధికో గ్రూపు పెట్టాలనుకున్నప్పుడు అడ్మిన్‌గా నన్నే ఉండమన్నారు. అప్పటినుంచీ నేనే చూసుకుంటున్నాను. నా మార్కులు ముందే చెప్పేస్తాను. వాయిస్ మెసేజ్‌కి ఐదుకి ఐదు. పోల్‌కి నాలుగు. కమ్యూనిటీస్ అన్నదానికి రెండు. ఫార్వర్డ్ బాణానికి ఒకటి, అదీ మొహమాటానికి.

మా ఊరి సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, గజపతి జిల్లాకి కేంద్రం. ఊరు దాటితే ఆంధ్రా, పాతపట్నం పక్కనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు ఇటు వచ్చింది, చుట్టాలు చాలామంది అటే ఉండిపోయారు. మా ఇళ్లలో తెలుగు, బళ్లో ఒడియా, బజార్లో రెండూ. నాకు తెలుగు చదవడం మా నాన్న ఇంట్లో నేర్పారు. మా పిల్లల తరానికి అలా నేర్పినవాళ్లు తక్కువ. తెలుగు గడగడా మాట్లాడతారు, కాగితం చేతికిస్తే ఆగిపోతారు. దాంతో మా గ్రూపులో మూడు రకాల రాతలు నడుస్తాయి. పెద్దవాళ్లు తెలుగులో రాస్తారు, బళ్లో ఒడియా చదివినవాళ్లు ఒడియా లిపిలో, కుర్రాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఒకరు రాసింది మరొకరు చదవలేరు. అసలు అక్షరం ముక్క రానివాళ్లు వేరే ఉన్నారు.

ఈ చిక్కు విడగొట్టింది వాయిస్ మెసేజే. వాట్సాప్‌లోకి ఇది 2013లో వచ్చింది. మా వీధికి మాత్రం మా ఎదురింటి మామ్మ ద్వారా వచ్చింది. ఆవిడ మనవడు సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తాడు. మా వైపునుంచీ, గంజాం వైపునుంచీ ఆ పనికి వెళ్లేవాళ్లు చాలామందే. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉంటాడు, వాడు చేసే వేళకి ఈవిడ పడుకుంటుంది. రోజుల తరబడి మాటల్లేవు. మామ్మ మైకు గుర్తు మీద వేలు పెట్టి మాట్లాడబోతే వేలు వణికి జారిపోయేది, మాట మధ్యలో తెగిపోయి సగం సగం వెళ్లేది. వేలు పెట్టి పైకి తోస్తే తాళం గుర్తు పడుతుంది, ఇంక చెయ్యి తీసేసి హాయిగా మాట్లాడుకోవచ్చు. అది ఆవిడకి చూపించడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. ఆ తర్వాత ఫోన్ పీట మీద పెట్టుకుని, మనవడు ఎదురుగా కూర్చున్నట్టే మొదలుపెట్టింది.

"ఒరే బాబూ, ఏటి తిన్నావురా? నాను ఈ రోజు పనసపొట్టు కూరొండేను. నువ్వుంటే బాగున్ను."

వెనకాల కుక్కరు కూత, పక్కింటి మేక అరుపు కూడా పడ్డాయి. రాత్రి వాడి దగ్గర్నుంచి వచ్చింది జవాబు. "ఖాయిసారిచి మామ్మా" (తినేశాను మామ్మా) అని ఒడియాలో మొదలెట్టి తెలుగులోకి దిగాడు. వాడి వెనకాల మగ్గాల చప్పుడు. ఆ చప్పుడు విన్నాకే మామ్మకి వాడు ఎలాంటి చోట పని చేస్తున్నాడో తెలిసింది. ఎంత టైపు చేస్తే అది తెలుస్తుంది?

మామ్మకి గడియారం చూడడం రాదు గానీ మైకు గుర్తు నీలం రంగులోకి మారితే వాడు విన్నట్టు అని మాత్రం బాగా తెలుసు. "నీలం పడిందా సూడమ్మా" అంటూ నా కొట్టుకి వస్తుంది. చదివినట్టు తెలిపే నీలం టిక్కులు సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు. వాయిస్ విన్నట్టు తెలిపే ఈ గుర్తుని మాత్రం ఆపడానికి లేదు. ఇలా పెట్టినవాళ్లు ఏం ఆలోచించి పెట్టారో గానీ, మామ్మలాంటి వాళ్లకి చాలా మేలు చేశారు.

ఇందులో లోపాలు లేకపోలేదు. వాయిస్‌లో వెతకడం కుదరదు. అమ్మవారి సంబరం ఏ తేదీ అన్నారో మళ్లీ కావాలంటే మొదటినుంచీ వినాల్సిందే. అందుకని తేదీ, డబ్బు, ఫోన్ నంబరు ఉన్న సంగతైతే వాయిస్ కింద అంకెలు కూడా టైపు చేయాలని మా గ్రూపులో అనుకున్నాం. అంకెలు అందరూ చదవగలరు. రెండోది, 2021లో వచ్చిన స్పీడు బటన్. పెద్దవాళ్ల మాటని రెండింతల వేగంతో వినేస్తే సంగతి తెలుస్తుంది. గొంతు బొంగురుపోయిందనీ, ఆయాసపడుతున్నారనీ తెలియదు. మా వీధిలో ఒకాయనకి ఒంట్లో బాగాలేదని మాకు తెలిసింది ఆయన చెప్పిన మాటవల్ల కాదు, మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకోవడం విని. మెల్లగా వినండి. ఇది యాప్‌కి చెప్పే సలహా కాదు, మనకే.

గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊరి రాజావారి బళ్లో పాఠాలు చెప్పినాయన. మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు, సవర గిరిజనుల మధ్య కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు చేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ప్రతి ఏడూ ఆ రోజు గ్రూపులో ఆయన ఫొటో, కింద అందమైన అక్షరాల్లో శుభాకాంక్షలు. మా పిల్లల్లో సగం మందికి అది చదవడం రాదు. మొన్నటి ఆగస్టులో నేను బొమ్మలు వద్దన్నాను. ఇంట్లో పెద్దవాళ్లు తమకి తెలిసిన పని గురించి సొంత గొంతుతో చెప్పి పెట్టండి అన్నాను.

వచ్చినవాటిలో ఒకటి మాత్రం చెప్తాను. మా ఊరు కొమ్ము పనికి, అంటే పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే పనికి పేరు. చివరింటి తాతగారు ఆ పని చేసినవారే. ఇప్పుడు చేతులు సహకరించడం లేదు. కొమ్ముని వేడి మీద ఎంతసేపు పెడితే మెత్తబడుతుంది, ఎక్కువైతే ఏ వాసన వస్తుంది, కొంగ మెడ వంపు తిప్పేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆపాలి, ఇవన్నీ చెప్పారు. మధ్యలో దగ్గు. మర్నాడు సాయంత్రం ముగ్గురు పిల్లలు ఆయన ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన పాత ఆకురాయి తీసి, ఒక కొమ్ము ముక్క చేతికిచ్చి రుద్దమన్నారు. ఆ ఇంటి ముందునుంచి రోజూ బడికి వెళ్లేవాళ్లే ఆ పిల్లలు. లోపల ఏముందో అంతవరకు తెలీదు.

గ్రూపుని నేను కొలిచే కొలత ఇదే. ఒక మెసేజ్ వల్ల ఒక మనిషి లేచి ఇంకొకరి గడప దాకా వెళ్లాడంటే ఆ మెసేజ్ పని చేసినట్టు. మిగతాదంతా కాలక్షేపం. కాలక్షేపం తప్పని అనను, కానీ దానికి మార్కులు వేయను.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన సంగతి. 2022నుంచి గ్రూపులోంచి ఎవరైనా చడీచప్పుడు లేకుండా వెళ్లిపోవచ్చు, అందరికీ తెలియదు, అడ్మిన్‌కి మాత్రం కనబడుతుంది. ఒకరోజు పొద్దున్న చూస్తే మా వీధి మలుపు దగ్గరుండే ఒక వదిన పేరు అలా కనబడింది. ఎవరితోనూ మాట పడే మనిషి కాదు. కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి వాళ్లింటికెళ్లాను. పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"ఏం వదినా, గ్రూపులోంచి వెళ్లిపోయావు?"

"ఉండి ఏటి చేస్తానమ్మా?" అంది. తడి చీర దులిపి తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, అప్పుడు నావైపు తిరిగింది. "అత్తమ్మని బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, మీ అన్నయ్య ఊళ్లో లేరు, ఎవరైనా తోడొస్తారా అని అడిగాను. దాని కింద పువ్వుల బొమ్మ, దాని కింద ఎవరిదో పుట్టినరోజు, కేకు బొమ్మలు. నా మాట ఎవరికీ కనబళ్లేదా, కనబడీ ఊరుకున్నారా అని రాత్రంతా అదే ఆలోచన."

నేను ఆమెని మళ్లీ గ్రూపులో చేరమని అడగలేదు. బయటికొచ్చి రెండిళ్లు తలుపు తట్టాను. రెండో ఇంట్లో డిగ్రీ చదివే అబ్బాయి ఉన్నాడు, ఆసుపత్రిలో చీటీ ఎక్కడ రాయించుకోవాలో, ఏ లైన్లో నిలబడాలో వాడికి తెలుసు, వాళ్ల నాన్నని తిప్పినవాడే. "నేనెళ్తాను పిన్నీ, దానికేముంది" అన్నాడు. వాడూ ఆ మెసేజ్ చూడలేదట. పువ్వులూ కేకులూ దాటుకుని పైకి వెళ్లే ఓపిక ఎవరికుంటుంది? మనుషుల్లో మంచితనం తగ్గలేదు, అడిగిన మాట అడుగున పడిపోయింది, అంతే.

ఆ తర్వాతే పిన్ చేయడం వాడడం మొదలుపెట్టాను. ఎవరైనా సాయం అడిగితే ఆ మెసేజ్‌ని నొక్కిపట్టి పిన్ కొడితే గ్రూపు తెరవగానే పైనే కనబడుతుంది. ఒక రోజు, ఏడు రోజులు, ముప్పై రోజులు అని అడుగుతుంది. నేను ఒక రోజే పెడతాను. ఆ లోపల ఎవరూ పలక్కపోతే నేనే నడిచి వెళ్లి అడుగుతాను. వదిన మళ్లీ గ్రూపులోకి వచ్చింది, తనంతట తనే, వాళ్ల అత్తగారు తిరిగొచ్చాక. చప్పుడు లేకుండా వెళ్లిపోయే ఈ ఏర్పాటుని చాలామంది తిట్టారు, నాకు నచ్చింది. నలుగురిలో నోరు విప్పలేనివాళ్లు అలాగే చెప్పగలరు. అయితే అడ్మిన్ అయినవాళ్లు చూసి ఊరుకోకూడదు.

పోల్ సంగతి. మాలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కలవాళ్లే అన్నాలు తెచ్చి పెడతారు. ఇదివరకు ఎవరికి తోచింది వాళ్లు తెచ్చేవాళ్లు, ఒకపూట నాలుగిళ్లనుంచీ ఉప్మా వచ్చేది, ఇంకోపూట ఏమీ వచ్చేది కాదు. ఒకరు పోల్ పెడదాం అన్నారు. పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం అన్నం పప్పు, సాయంత్రం టీలు, రాత్రికి భోజనం. ఎవరు దేనికి ముట్టుకున్నారో అందరికీ కనబడుతుంది కాబట్టి సర్దుబాటు అయిపోయింది. చావింటి సంగతిలో ఓట్లేమిటి అని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకని ఇప్పుడు పోల్ పెద్ద గ్రూపులో పెట్టం, వంట చేయగలిగినవాళ్లం వేరే చిన్న గ్రూపు చేసుకున్నాం, అక్కడ పెడతాం. చదవడం రానివాళ్ల ఇంటికి ఎవరో ఒకరు వెళ్లి అడిగి వాళ్ల తరఫున నొక్కుతారు. ఒక మార్కు అందుకే తగ్గించాను.

పోయినవాళ్ల వార్త కింద వరుసగా పెట్టే "ఓం శాంతి"లు మాత్రం ఆపమని అందరినీ వేడుకున్నాను. ఆ ఇంటివాళ్ల ఫోన్ ఆ రోజంతా మోగుతూనే ఉంటుంది, ఎత్తి చూస్తే అవే చేతుల బొమ్మలు. అది పెట్టేశాక మన బాధ్యత తీరిపోయిందనుకుని వెళ్లడం మానేసినవాళ్లున్నారు. ఇప్పుడు వార్త ఒక్కటే ఉంటుంది, ఎన్నింటికి తీసుకెళ్తారో టైము ఉంటుంది. జవాబు కాళ్లతో నడిచి వెళ్లి చెప్పాలి.

ఇక కమ్యూనిటీస్. 2022 నవంబరులో వచ్చింది. చాలా గ్రూపుల్ని ఒక గొడుగు కిందికి తేవచ్చు, పైన ఒక ప్రకటనల గ్రూపు ఉంటుంది, అందులో అప్పట్లో అడ్మిన్లే రాయగలిగేవాళ్లు. గుడి కమిటీ, కుర్రాళ్ల క్రికెట్ గ్రూపు, మా వీధి అన్నీ కలిపేద్దామని ఉత్సాహంగా చేశారు. పెద్ద బడికో, వందల ఫ్లాట్లుండే అపార్టుమెంటుకో బాగుంటుందేమో. మాకు మాత్రం పైనుంచి కబురు రావడం, కిందవాళ్లు చూసి ఊరుకోవడం, ఇదే మిగిలింది. గుడి చందా ఎంత, ఊరేగింపు ఎప్పుడు, అంతే. ఎదురు అడగడానికి వీల్లేని చోట మనిషికి పని లేదు. కొన్నాళ్లకి మా వీధిని అందులోంచి బయటికి తెచ్చేశాను. గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చని వాట్సాప్ చెప్తుంది. ఒకరి ఇంటికి ఇంకొకరు నడిచి వెళ్లలేనంత పెద్ద గ్రూపు వీధికి దండగ అని నా అభిప్రాయం.

ఫార్వర్డులకి ఒక్క స్టారు ఎందుకిచ్చానంటే, వాట్సాప్ వాళ్లు తర్వాతైనా కళ్లు తెరిచారు కాబట్టి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లతో దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ ఏడే మన దేశంలో ఒక మెసేజ్‌ని ఐదు చాట్లకి మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టారు. 2020నుంచి, చాలా చేతులు మారి రెండు బాణాల గుర్తు పడ్డ మెసేజైతే ఒకసారికి ఒక్కరికే వెళ్తుంది. అయినా పుకారు ఆగదు. మా గ్రూపులోకే చలికాలంలో ఒక ఫొటో వచ్చింది. దుప్పట్లు అమ్ముకునే ఇద్దరు, వీళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు అని కింద రాత. నేను వెంటనే తీసేశాను. అడ్మిన్‌కి ఎవరి మెసేజైనా అందరికీ కనబడకుండా తీసే వీలుంది, అది చాలా మంచి ఏర్పాటు. మర్నాడు ఆ ఇద్దరే మూటలు మోసుకుని మా వీధికి వచ్చారు. నా అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఊరేదో, ఎన్నాళ్లనుంచి వస్తున్నారో అడిగాను. వాళ్లకి వచ్చిన హిందీలోనే వాళ్ల చేత వాయిస్ పెట్టించాను. సాయంత్రానికి మా వీధిలో దుప్పట్లు బాగా అమ్ముడయ్యాయి.

దీని మీదే పూర్తిగా ఆధారపడకండి అని కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాని అతలాకుతలం చేసింది. కరెంటు పోయింది, తర్వాత టవర్లు పోయాయి, ఫోన్లలో ఛార్జింగు అయిపోయింది. గ్రూపు అప్పటికే ఉంది, ఉండి ఏం లాభం? ఎవరింట్లో బీపీ మాత్రలు అయిపోయాయి, ఎవరింటి రేకులు లేచిపోయాయి అని తలుపు తలుపూ తట్టి తెలుసుకున్నాం. ఎవరింట్లో ఎవరుంటారో ముందే తెలిసిన వీధి కాబట్టి అది సాధ్యమైంది. అప్పటినుంచి ప్రతి ఇంట్లోనూ తలుపు వెనకాల ఒక కాగితం అంటించి ఉంటుంది. పేర్లు, నంబర్లు, మంచాన పడ్డవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, పాతపట్నంలో ఉండే దగ్గరి బంధువు నంబరు. మూడు లిపుల్లోనూ రాయించాం.

వేరే యాప్‌లు వాడి చూశారా అని అడుగుతారు. టెలిగ్రామ్‌లో రెండు లక్షల మంది దాకా పడతారట, మాకు అంత ఊరు అక్కర్లేదు. 2025లో జోహో వాళ్ల అరట్టై గురించి అందరూ మాట్లాడుకున్నప్పుడు కుర్రాళ్లు పెట్టించారు. బాగానే ఉంది. కానీ మామ్మ అందులో లేదు, మామ్మ లేని చోటికి మిగతావాళ్లం వెళ్లి ఏం చేస్తాం?

కొత్తగా వీధికి గ్రూపు పెట్టేవాళ్లు మొదటిరోజే కొన్ని పనులు చేసుకోండి. గ్రూపులో చేరినవాళ్లందరికీ అందరి నంబర్లూ కనబడతాయి, కాబట్టి లింకు పెట్టి ఎవరినిబడితే వాళ్లని చేర్చకండి, మొహం తెలిసినవాళ్లని అడిగి చేర్చండి. ముఖ్యంగా ఆడపిల్లల నంబర్లు. ప్రైవసీ సెట్టింగ్స్‌లో గ్రూపుల దగ్గర "నా కాంటాక్టులు" అని పెట్టుకుంటే తెలియనివాళ్లు మనల్ని ఎక్కడికీ లాగలేరు, అది ప్రతి ఇంటికీ వెళ్లి పెట్టి ఇవ్వండి. తక్కువ ధర ఫోన్లు వాడేవాళ్లకి ఫొటోలూ వీడియోలూ తమంతట తామే దిగిపోయే ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి, లేకపోతే నెలలోపే ఫోన్ నిండిపోయి వాట్సాప్ తీసేస్తారు. అడ్మిన్లు ఇద్దరుండాలి, అందులో ఒకరు పగలంతా ఇంటిపట్టున ఉండేవాళ్లైతే మంచిది. చదవడం రానివాళ్లకి మైకు తాళం ఎలా వేయాలో పక్కన కూర్చుని చూపించండి. ఒక్కసారికి రాదు, మళ్లీ వెళ్లండి.